ఊళ్ళు తిరిగొచ్చాక ఒళ్ళు తేలికపడటానికి ఇన్ని రోజులెందుకు?

ప్రయాణాలన్నీ ముగించుకుని ఇంటికొచ్చిన రెండో రోజున మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నిన్నంతా పడుకునే ఉన్నాను, అయినా బడలిక తీరలేదు." వైశాఖంలో వరసగా పెళ్ళిళ్ళు, మధ్యలో తిరుపతి, ఆ వెంటనే హైదరాబాద్‌లో ఎవరిదో గృహప్రవేశం, తిరిగొస్తూ గుంటూరులో వియ్యపురాలింట్లో ఒక పూట భోజనం. రెండు మూడు వారాలు ఇలా తిరిగినవాళ్ళు ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటే సోమవారానికి అంతా సర్దుకుంటుందని అనుకుంటారు. సర్దుకోదు. బుధవారానికి కూడా తల దిమ్ముగానే ఉంటుంది, కడుపు ఉబ్బరంగానే ఉంటుంది, చిన్న మాటకే విసుగొస్తుంది. అప్పుడు మొదలవుతాయి అనుమానాలు: రక్తం తక్కువైందేమో, షుగర్ పెరిగిందేమో, దిష్టి తగిలిందేమో, వయసు మీద పడుతోందేమో.

చాలాసార్లు కారణం ఇంకా మామూలుది. ప్రయాణం ఒంటిని ఒక్క చోట దెబ్బతీయదు. నిద్ర చెడుతుంది, ఒంట్లో వేళల లెక్క తప్పుతుంది, కాళ్ళలో రక్తప్రసరణ మందగిస్తుంది, నీరు తగ్గుతుంది, జీర్ణం మొరాయిస్తుంది. ఇవి కోలుకునే వేగం ఒకటి కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ఒకదానికి మేలు చేసే విశ్రాంతి ఇంకోదానికి అడ్డుపడుతుంది. పగలంతా పడుకుంటే నిద్ర కొంత తీరుతుంది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టదు. మంచం దిగకపోతే నడుముకి హాయిగానే ఉంటుంది, కాళ్ళ వాపు మాత్రం తగ్గదు. కడుపు ఖాళీగా ఉంచితే అజీర్తి తగ్గుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి అదే ప్రమాదం. కాబట్టి "రెస్ట్ తీసుకో" అన్న సలహా ఒక్కటే సరిపోదు. దేనికి ఏ విశ్రాంతి, ఎప్పుడు, ఎంత అన్నది విడదీసి చూడాలి.

బస్సులో పడుకున్నది నిద్రేనా?

విజయవాడ నుంచి హైదరాబాద్ 270 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి పదకొండింటికి బస్సెక్కితే తెల్లవారుజామున ఐదింటికల్లా దిగిపోతాం. స్లీపర్ బస్సు కదా, పడుకునే వచ్చాం కదా అనుకుంటాం. ఎక్కాక అరగంట దాకా టికెట్లు చూడటం, సామాను సర్దడం. సూర్యాపేట దగ్గర హోటల్ ముందు ఆగగానే లైట్లు. ఊరు రాకముందే "ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్" అని కేకలు. లెక్కేస్తే మిగిలేది నాలుగు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా.

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది, కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. బస్సు ప్రయాణం ఈ రెండు చివర్లనీ కోసేస్తుంది. పైగా కొత్త చోట మనిషికి నిద్ర సరిగా పట్టదన్నది అందరికీ అనుభవమే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో దీనికి ఆధారం చూపించారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడు ఎడమ భాగం కుడి భాగం అంత గాఢంగా నిద్రపోదు, చిన్న చప్పుడుకి కూడా స్పందిస్తూనే ఉంటుంది. వరసగా విడిదింట్లో ఒక రాత్రి, రైల్లో ఒక రాత్రి, చుట్టాలింట్లో ఒక రాత్రి గడిపినవాళ్ళకి ప్రతి రాత్రీ మొదటి రాత్రే కదా. ఆ పరిశోధనని మన పెళ్ళి ప్రయాణాలకి అన్వయించడం నా ఊహే, అయినా అందులో పెద్ద తప్పు ఉందనుకోను. పెళ్ళికని తీసుకెళ్ళిన బంగారం ఉన్న హ్యాండ్‌బ్యాగ్‌ని తల కింద పెట్టుకుని పడుకున్న ఆడవాళ్ళని అడిగి చూడండి, రైల్లో ఎంతసేపు కన్నంటుకుందో చెబుతారు.

ఇలా కొద్దికొద్దిగా పోయిన నిద్ర బాకీలా పేరుకుంటుంది. ఈ బాకీలో భయపెట్టే గుణం ఒకటుంది: ఉన్నట్టు మనకి తెలియదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో కొందరిని 14 రోజుల పాటు రాత్రికి ఆరు గంటలో, నాలుగు గంటలో మాత్రమే పడుకోనిచ్చారు. వాళ్ళ చురుకుదనం రోజురోజుకీ దిగజారుతూ వచ్చింది. చివరికి అది ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివాళ్ళ స్థాయికి పడిపోయింది. కానీ "మీకు నిద్ర వస్తోందా" అని అడిగితే పెద్దగా తేడా లేదన్నట్టే చెప్పారు. అలవాటైపోయిందని వాళ్ళు అనుకున్నారు, అలవాటు కాలేదని పరీక్షల్లో తేలింది.

మన దగ్గర ఇది ప్రాణాల మీదకి వచ్చే చోటు ఒకటుంది, దాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒంగోలులో పెళ్ళి. ముహూర్తం అర్ధరాత్రి. తలంబ్రాలు, భోజనాలు అయ్యేసరికి రెండు. "తెల్లారేసరికి ఇంట్లో ఉందాం, రోడ్డు ఖాళీగా ఉంటుంది" అని కారు తీస్తారు. పొద్దున ఆరింటికి లేచిన మనిషి అప్పటికి ఇరవై గంటలుగా మెలకువగా ఉన్నాడు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా తగ్గుతుందని 1997లోనే పరిశోధకులు కొలిచి చెప్పారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చుక్క ముట్టని మనిషి కూడా ఆ వేళకి తాగి నడిపేవాడికన్నా హీనంగా ఉండొచ్చన్నమాట. పైగా రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఒళ్ళు తనంతట తానే మగతలోకి జారే సమయం. ముఖం కడుక్కోవడం, కిటికీ దించడం, దారిలో టీ తాగడం కాసేపే పనిచేస్తాయి. కల్యాణమండపంలోనే ఒక దుప్పటి పరుచుకుని ఆరింటిదాకా పడుకుని బయల్దేరడం ఒక్కటే సరైన పని. పెళ్ళివారు ఏమీ అనుకోరు.

మరి ఈ బాకీ తీరేదెలా? పోయిన గంటలన్నీ లెక్కకట్టి తిరిగి పడుకోనవసరం లేదు. ఒంటికి ఆ తెలివి ఉంది: నిద్ర తక్కువైన తరవాత వచ్చే మొదటి మంచి రాత్రిలో గాఢనిద్ర వాటా పెంచుకుని ముందు దాన్ని తీర్చుకుంటుంది. మిగిలింది తరవాతి రాత్రుల్లో సర్దుకుంటుంది. మామూలు తిరుగుడు తరవాత వరసగా మూడు నాలుగు రాత్రులు, సొంత మంచం మీద, రోజూకన్నా ఒక గంట ముందు పడుకుంటే చాలామందికి సరిపోతుంది. వచ్చిన రోజు పగలు కునుకు తీయాలనిపిస్తే అలారం పెట్టుకుని, మధ్యాహ్నం మూడు లోపు, ఇరవై ముప్ఫై నిమిషాలు. అంతకు మించి రెండు మూడు గంటలు పడుకుంటే గాఢనిద్ర మధ్యలో లేస్తారు, సాయంత్రమంతా తల బరువుగా ఉంటుంది, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటారు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నా సోమవారం తేలిక పడకపోవడానికి సగం కారణం ఇదే.

టీ, కాఫీల సంగతి కూడా ఇక్కడే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీలో సగం రాత్రి పదకొండింటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కోలుకునే రోజుల్లో మధ్యాహ్నం తరవాత మానేయడం మంచిది. దానికి బదులు పడుకునే ముందు గంట, రెండు గంటల మధ్యలో వేడినీళ్ళ స్నానం చేసి చూడండి. వేడినీళ్ళు రక్తాన్ని చేతులకీ పాదాలకీ తెస్తాయి, ఆ దారిన లోపలి వేడి బయటికి పోతుంది, ఒళ్ళు లోపల చల్లబడితేనే నిద్ర ముంచుకొస్తుంది. ప్రయాణం నుంచి రాగానే ఒంటికి నూనె పట్టించి వేడినీళ్ళు పోసే అలవాటు మన పెద్దవాళ్ళది. నూనె సంగతి ఎలా ఉన్నా, సాయంత్రం పూట వేడినీళ్ళు నిద్రని త్వరగా తెస్తాయన్నది పరీక్షించి చూసిన విషయమే.

అమెరికా నుంచి వచ్చిన అమ్మానాన్నలు

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల పిల్లలు అమెరికాలో లేని వీధి అరుదు. ఐదారు నెలలు పిల్లల దగ్గరుండి తిరిగొచ్చిన పెద్దవాళ్ళ అవస్థ, పెళ్ళిళ్ళు తిరిగొచ్చినవాళ్ళ అవస్థ ఒకటి కాదు. వీళ్ళకి నిద్ర పోవడంతో పాటు వేళ కూడా తారుమారవుతుంది.

మన మెదడులో హైపోథాలమస్ అనే చోట సుమారు 20,000 నరకణాల గుంపు ఒకటి పగలు, రాత్రి లెక్క పెడుతూ ఉంటుంది. కంట్లో పడే వెలుతురే దానికి ముఖ్యమైన ఆనవాలు. అంతేకాదు, కాలేయం, పేగులు, కండరాలు వేటికవి తమ గడియారాలని నడుపుకుంటాయి. ఈ గడియారాలు కణం లోపల ఎలా తిరుగుతాయో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులోది వెలుతురుని బట్టి సర్దుకుంటే, కాలేయానిది ఎక్కువగా అన్నం తినే వేళని బట్టి సర్దుకుంటుంది. రెండూ ఒకే వేగంతో జరగవు. డాలస్ నుంచి వచ్చిన నాన్నగారు రాత్రి పన్నెండింటికి లేచి "ఆకలేస్తోంది" అంటే అది చాదస్తం కాదు. ఎండాకాలంలో మనకీ డాలస్‌కీ తేడా పదిన్నర గంటలు. అక్కడది మధ్యాహ్నం ఒకటిన్నర, భోజనం వేళ.

ఈ గడియారం ఉరామరిగా రోజుకి ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. పదిన్నర గంటల తేడాకి పది రోజులు పట్టడం మామూలే, పెద్ద వయసులో ఇంకాస్త ఎక్కువ. అటు వెళ్ళేటప్పటికన్నా తూర్పుకి, అంటే ఇటు వచ్చేటప్పుడు కష్టం ఎక్కువని చాలామంది అంటారు. అది నిజమే, మన లోపలి రోజు 24 గంటలకన్నా కొద్ది నిమిషాలు పొడుగు. రోజుని సాగదీయడం ఒంటికి తేలిక, కుదించడం కష్టం. తేడా పది గంటలు దాటినప్పుడు మాత్రం ఒళ్ళు ఏ దిక్కున జరగాలో తేల్చుకోలేక మొదట్లో ఊగిసలాడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఒక రాత్రి బాగా నిద్రపట్టి, మర్నాడు అసలు పట్టకపోవడం అందువల్లే. అది చూసి కంగారుపడి నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు.

చేయగలిగింది చాలా మామూలుగా కనిపిస్తుంది కానీ అదే పనిచేస్తుంది. ఇక్కడి వేళకే మూడు పూటలా తినడం, ఆకలి లేకపోయినా కొద్దిగా. పగలు తలుపులు, కర్టెన్లు తీసి వెలుతురులో ఉండటం. రాత్రి మెలకువొస్తే ఫోన్, టీవీ పెట్టకుండా చీకట్లోనే ఉండటం, ఆకలేస్తే ఒక అరటిపండో గ్లాసు మజ్జిగో తీసుకుని మళ్ళీ పడుకోవడం. సాయంత్రం ఆరింటికి కళ్ళు మూతలు పడుతుంటే వాళ్ళని ఎవరో ఒకరు బయటికి తీసుకెళ్ళాలి. గుంటూరులో బృందావన్ గార్డెన్స్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియం, విజయవాడలో రాఘవయ్య పార్కు, లేదంటే అపార్ట్‌మెంట్ కిందే నాలుగు రౌండ్లు. మాట్లాడేవాళ్ళుంటే తొమ్మిదింటిదాకా మెలకువగా ఉండగలుగుతారు.

ఒక్క విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వేళ మారినప్పుడు ఎలా వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఇంకోటి, శంషాబాద్‌లో దిగీ దిగగానే కారులో విజయవాడకి ఐదు గంటల ప్రయాణం పెట్టుకోవడం. ఒక రోజుకి పైగా విమానాల్లో, విమానాశ్రయాల్లో గడిపిన డెబ్బై ఏళ్ళ మనిషిని మళ్ళీ కూర్చోబెట్టడం అది. హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగి రావడానికి వీలుంటే తప్పకుండా ఆగమంటాను.

కాళ్ళు, నీళ్ళు, కడుపు

ఎక్కువసేపు కూర్చుంటే పాదాలు ఉబ్బడం అందరికీ తెలుసు. పిక్క కండరం కదిలినప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తుంది, కదలకపోతే రక్తం అక్కడే నిలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో, కాస్త నడిస్తే, కాళ్ళు ఎత్తులో పెట్టుకుంటే ఈ వాపు పోతుంది. కానీ అరుదుగా లోపలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీని మీద ఒక అధ్యయనం వెలువరించింది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం ఏదైనా, విమానం కావచ్చు, రైలు, బస్సు, కారు కావచ్చు, ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అయినా అది ఆరువేల మందిలో ఒకరికి వచ్చేంత తక్కువే, కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు. గుర్తుంచుకోవాల్సింది అందులోనే ఉన్న రెండో సంగతి: ప్రయాణం అయిపోగానే ముప్పు పోదు, సుమారు నాలుగు వారాలు ఉంటుంది, వెంటవెంటనే ప్రయాణాలు చేస్తే పెరుగుతుంది. రెండు కాళ్ళూ సమానంగా వాచడం వేరు. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, ఎరుపు, వేడి ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

అరుణాచలం వెళ్ళొచ్చినవాళ్ళ నొప్పి ఇంకో రకం. పౌర్ణమికి ఇక్కణ్ణుంచి ప్రత్యేక బస్సుల్లో వెళ్ళి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చెప్పులు లేకుండా చేసి, మళ్ళీ బస్సులో కూర్చుని వచ్చేస్తారు. అలవాటు లేని నడక వల్ల కండరాల నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పెరుగుతుంది. ఇంటికొచ్చాక మెట్లు దిగలేకపోతుంటే అది అదే. మెల్లగా నడవడమే దానికి మందు, పూర్తిగా మంచానికే అతుక్కుపోతే బిగుసుకుపోతుంది.

నీళ్ళ సంగతిలో ఆడవాళ్ళ కష్టం గురించి బయటికి మాట్లాడుకోవడం తక్కువ. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగిన చోట బాత్‌రూమ్ ఎలా ఉంటుందో తెలుసు. అందుకని బయల్దేరే ముందు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తారు. ఇలా రెండు వారాల్లో నాలుగైదు ప్రయాణాలు చేస్తే తలనొప్పి, మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ వరసకడతాయి. బడలికగా కనిపించే దాంట్లో కొంత నీళ్ళు తక్కువ కావడమే. వచ్చిన రోజు నుంచి మూత్రం లేత రంగులోకి మారేదాకా నీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగుతూ ఉండాలి. విరేచనాలు కూడా అయి ఉంటే ఓఆర్ఎస్, పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో కొద్దిగా వేసుకుని కలుపుకోవడం తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్ళకి ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళ జోలికి డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రంలో మంట, చలి జ్వరం ఉంటే నీళ్ళతో సరిపెట్టకండి.

కడుపు దగ్గరికొస్తే, ఇంటికి రాగానే వేడన్నంలో ఆవకాయ, నెయ్యి కావాలని నాలుక మారాం చేస్తుంది. పది రోజులు బఫే భోజనాలు తిన్నవాళ్ళకి ఆ కోరిక ఎంత సహజమో గుంటూరు వాళ్ళకి వేరే చెప్పాలా! ఒక ముద్ద తినండి. మిగతాది చారన్నమో, పెసరకట్టో, పెరుగన్నమో అయితే రెండు మూడు రోజుల్లో కడుపు దారికొస్తుంది. లంఖణం పరమౌషధం అన్నది ఒక పూట తేలిగ్గా తినడానికి బాగానే వర్తిస్తుంది, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం పూట మానకూడదు.

జ్వరం వస్తే విషయం వేరు. డెంగీ దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకి బయటపడుతుంది, టైఫాయిడ్ ఒకటి నుంచి మూడు వారాలు తీసుకోవచ్చు. అంటే తిరిగొచ్చి అంతా మర్చిపోయాక వస్తాయి. ఏ ఊళ్ళు వెళ్ళారో, ఎప్పుడు వచ్చారో డాక్టర్ అడక్కముందే చెప్పండి.

వేసవిలో తిరిగొచ్చేవాళ్ళకి ఎండ ఒకటి అదనం. మనాలీ నుంచో, షికాగో నుంచో మే నెలలో బెజవాడకి దిగితే, పుట్టి పెరిగిన ఊరే కదా అని ఒళ్ళు ఊరుకోదు. వేడికి తగ్గట్టు చెమట పట్టడం, గుండె వేగం సర్దుకోవడం ఒకటి రెండు వారాల్లో వచ్చే అలవాటు, చల్లటి చోట కొన్ని వారాలుంటే అది పోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే ప్రాంతం మనది, రెంటచింతల మనకి దూరమేమీ కాదు. వచ్చిన మొదటి వారం పదకొండు నుంచి నాలుగు మధ్య బయట పనులు పెట్టుకోకుండా, నడక తెల్లవారుజామునో, పొద్దువాలాక ప్రకాశం బ్యారేజీ వైపో పెట్టుకుంటే మేలు.

విశ్రాంతి ఎవరికి దొరుకుతోంది?

ఇప్పటిదాకా చెప్పినదంతా పాటించడానికి రెండు మూడు రోజుల వెసులుబాటు కావాలి. మన ఇళ్ళల్లో ఆ వెసులుబాటు అందరికీ సమానంగా లేదు. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

అందరూ ఒకే రైల్లో వస్తారు, ఒకేలా నిద్ర చెడగొట్టుకుని వస్తారు. తాళం తీయగానే ఆయన ఫ్యాన్ వేసుకుని సోఫాలో వాలతాడు, ఆవిడ స్టవ్ దగ్గరికి వెళ్తుంది. పాలు లేవు, కూరగాయలు లేవు, గిన్నెల మీద దుమ్ము, కుండీల్లో మొక్కలు వాడిపోయి ఉన్నాయి, పనమ్మాయికి కబురు చేయాలి. నలుగురి సూట్‌కేసుల్లోని మాసిన బట్టలు, జాగ్రత్తగా మడతపెట్టాల్సిన పట్టుచీరలు. తిరుపతి నుంచి వస్తే లడ్డూలు ముక్కలు చేసి అపార్ట్‌మెంట్ అంతా పంచాలి. ఈలోపు "వచ్చారటగా" అంటూ చూడటానికి చుట్టాలు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వాటికి వెచ్చించారు. అది మామూలు రోజుల లెక్క. ప్రయాణం నుంచి వచ్చిన రోజు ఆ తేడా ఇంకా పెరుగుతుందని ఏ ఇంట్లో చూసినా తెలుస్తుంది. వారం తరవాత కూడా ఆవిడ నడుము నొప్పి అంటే "నీకెప్పుడూ ఉండేదే" అనేస్తారు. ఆవిడ కోలుకోవడం ఇంకా మొదలే కాలేదు.

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. విజయవాడలో, గుంటూరులో సందుకో కర్రీ పాయింట్ ఉంది. వచ్చిన రెండు రోజులు కుక్కర్‌లో అన్నం పెట్టి, కూర, సాంబారు అక్కణ్ణుంచి తెచ్చుకుంటే లోకం మునిగిపోదు, కాకపోతే కారం, నూనె తక్కువ ఉన్నవి చూసుకోవాలి. ఎవరి బ్యాగు వాళ్ళే విప్పి, ఎవరి బట్టలు వాళ్ళే మెషీన్‌లో వేయాలి. తడి బట్టలు తప్ప మిగతావి మర్నాటికి వాయిదా వేయొచ్చు. చుట్టాలు ఫోన్ చేస్తే "ఆదివారం రండి" అని చెప్పడానికి ఇంటి పెద్ద నోరు తెరవాలి, ఆ మాట కోడలు చెబితే నిష్ఠూరమవుతుంది. ప్రసాదం రెండు రోజులాగి పంచినా ప్రసాదమే.

సెలవు పెట్టేటప్పుడు కూడా ఇది లెక్కలోకి రావాలి. ఆదివారం రాత్రి దిగేలా టికెట్ తీసుకుని సోమవారం ఆఫీసుకి, బడికి పరుగెత్తడం కన్నా, శనివారం రాత్రికల్లా ఇల్లు చేరేలా ప్రయాణాన్ని ఒక రోజు కుదించుకోవడం మంచిది. చూడాల్సిన గుడి ఒకటి తగ్గితే తగ్గుతుంది.

ప్రతి వారం తిరిగేవాళ్ళు

ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, భార్యాపిల్లలో అమ్మానాన్నలో ఇక్కడ. శుక్రవారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు. పైన చెప్పిన మూడు నాలుగు మంచి రాత్రుల లెక్క వీళ్ళకి ఎలా పడుతుందో చూడండి. సోమవారం నుంచి గురువారం దాకా బాగా పడుకుంటే గురువారానికి కోలుకుంటారు, శుక్రవారం మళ్ళీ బస్సెక్కుతారు. ఆ నాలుగు రాత్రులూ ఎవరికి సవ్యంగా దొరుకుతున్నాయి గనక? శని, ఆదివారాలు ఇంట్లో ఉన్న మనిషి సగం మగతలో ఉంటాడు, "వచ్చినా పడుకునే ఉంటాడు" అన్న మాట పడతాడు.

వీళ్ళకి "వచ్చాక కోలుకోవడం" అన్నది లేదు, ప్రయాణాన్నే మార్చుకోవాలి. రెండు రాత్రుల్లో ఒకదాన్ని వదిలించుకుంటే చాలు, చాలా తేడా వస్తుంది. విజయవాడకి పగటి రైళ్ళ అదృష్టం ఉంది: సికింద్రాబాద్‌కి శాతవాహన, చెన్నైకి పినాకిని, విశాఖకి రత్నాచల్, 2023 నుంచి విశాఖ, సికింద్రాబాద్‌ల మధ్య నడిచే వందే భారత్ కూడా ఇక్కడ ఆగుతుంది. ఆదివారం రాత్రి బస్సు మానేసి, మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే ఇంట్లో ఒక సాయంత్రం పోతుంది, కానీ రాత్రి పదికల్లా హైదరాబాద్‌లో మంచం మీద ఉంటారు. శుక్రవారం రాత్రికి బదులు శనివారం పొద్దున బయల్దేరడం ఇంకో దారి. బెంగళూరు వాళ్ళకి రాత్రి ప్రయాణం తప్పదు కాబట్టి, ప్రతి వారం కాకుండా రెండు వారాలకోసారి, సోమవారం ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటుతో రావడం నయం. ఏ వారమైనా నిద్ర లేచే వేళ మాత్రం ఒకటే ఉంచుకోండి, లోపలి గడియారానికి అదే పట్టు.

రాత్రి బస్సు తప్పనిసరైన వారం, సోమవారం తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో దిగి అక్కడ పార్క్ చేసిన బైక్ ఎక్కొద్దు. మెట్రో ఉంది, క్యాబ్ ఉంది. గదికి వెళ్ళాక అలారం పెట్టుకుని గంటన్నర పడుకుని, స్నానం చేసి, వీలైతే పదకొండింటికి ఆఫీసు చేరేలా మేనేజర్‌తో ముందే మాట్లాడుకోండి. లెక్కలు సరిచూడటం, ముఖ్యమైన మీటింగులు, కోడ్ లైవ్‌లో పెట్టడం లాంటివి మంగళవారానికి జరపమని అడగడంలో తప్పేమీ లేదు.